పన్నెండో చింతమాను

"తాళంచెవులు ఎన్ని?" అని అడిగినాడు ముత్యాలప్ప.

"రెండు సామీ," అన్నాడు బాలప్ప. "నా మొలతాడుకు ఒగటి, అమ్మ కాడ ఒగటి."

"ఏ అమ్మ?"

"మాకు ఇంగెంతమంది అమ్మలుండారు సామీ? యశోదమ్మే."

కోనంపల్లి పోలీసుస్టేషన్ గోడ గడియారంలో పదకొండూ పదయింది. సాయంత్రం నాలుగ్గంటలకు బాలప్పను మేజిస్ట్రేటు ముందర నిలబెట్టాల. ఆ తర్వాత జైలే. అంటే ముత్యాలప్ప చేతిలో మిగిలింది నాలుగు గంటలా యాభై నిమిషాలు. బయట మెట్లమీద బాలప్ప పెండ్లాం నల్లమ్మ పొద్దున ఆరు నుంచి కూచోనుంది. ఖాకీబట్ట ఏది దాటిపోయినా లేచి నిలబడి మొక్కుతాంది, ఆఖరికి టీ తెచ్చే హోంగార్డుకు కూడా.

కేసు రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. పామిడి అవతల పెన్న దాటినాక మొదలయ్యే పాతరోడ్డుకు రెండు పక్కలా, ఆరు మైళ్ల పొడుగునా చింతమాన్లుండాయి. ఎప్పుడో ఒక కరువులో కూలికి గింజలిచ్చి నాటించినవంట. ఈ జిల్లాలో మనిషి తలమీద గుడ్డ తీసేసి నడవగలిగిన రోడ్డు అదొక్కటే. దాన్ని వెడల్పు చేస్తామని సర్కారు అన్ననాడు, రిటైరైన హెడ్మిస్ట్రెస్ యశోదమ్మ చింతసాలు సంఘం పెట్టింది. మన ఇంట్లో పోయినోళ్ల పేరుమీద వెయ్యినూటపదహార్లు కడితే ఒక మాను మనది. దానికి మేకు దించకుండా, పురితాడుతో ఒక రేకు కట్టి, రేకుమీద పోయినోళ్ల పేరు రాస్తారు. ఆ దుడ్లతోనే ఎండాకాలంలో ట్యాంకరు నీళ్లు, హైదరాబాదు కోర్టులో వకీలు. మొత్తం నాలుగొందల పన్నెండు మాన్లు.

అందులో పదకొండు మూడేండ్లలో నిలువునా ఎండిపోయినాయి. మొన్న బుధవారం ఎస్సై ప్రవీణ్ సంఘం షెడ్డు సోదా చేస్తే బెజ్జాలేసే బర్మా ఒకటి, మైలుతుత్తం సంచి ఒకటి దొరికినాయి. షెడ్డుకు కావిలి బాలప్ప. మాన్లకు నీళ్లుపోసేదీ బాలప్పే. ఇంకేముంది, రోడ్డు కంట్రాక్టరు దుడ్లు తిని, నీళ్లుపోసే చేత్తోనే విషం పోసినాడని కేసు కట్టేసినారు.

ముత్యాలప్ప జేబులోంచి నశ్యం డబ్బీ తీసి ఒక చిటికె ఎగబీల్చినాడు. గుంతకల్లు రైల్వే పోలీసులో ముప్పైనాలుగేండ్లు గూడ్సు దొంగల వెంట తిరిగి రిటైరైన మనిషి. ఆ తర్వాత ఊరికే కూచోలేక ప్రైవేటు డిటెక్టివని బోర్డు పెట్టుకున్నాడు. ఈ మాన్ల సంగతి తేల్చమని సంఘం తరపున ఆయన్ను పిలిపించింది యశోదమ్మే. నశ్యంలో పచ్చకర్పూరం కలుపుకునే పిచ్చి ఊరు మొత్తానికి ఆయనొక్కనికే. వాసన చూసి, ముత్యాలప్ప వచ్చిపోయినాడని చెప్పేవాళ్లు స్టేషన్లో.

"అయిందా పెద్దాయనా?" అని లోపలికొచ్చినాడు ఎస్సై ప్రవీణ్. ఇరవై ఎనిమిదేండ్లుంటాయి. కోస్తా పిల్లోడు, తెలివైనోడు, ఆ తెలివి తనకుందని తెలిసినోడు. "రెండు తాళంచెవులన్నాడు కదా మీతో? ఇది చదవండి."

కాగితం మీద సంతకం చూడకముందే ఆ అక్షరాలు ఎవరివో ముత్యాలప్పకు తెలిసిపోయింది. గుండ్రంగా, గీత గీసినట్టు, నల్లబల్లమీద ముప్పైయేండ్లు రాసిన చేయి. *షెడ్డు తాళంచెవి ఒక్కటే ఉన్నది. అది ఎల్లప్పుడూ బాలప్ప వద్దనే ఉండును.* కింద యశోదమ్మ సంతకం.

ముత్యాలప్ప దాన్ని రెండోసారి చదివినాడు. ఎందుకంటే ఆ తాళం ఇచ్చినోడు తానే. పాత రైల్వే ఇత్తడి తాళం. రెండు చెవులూ ఒకే కడెంలో పెట్టి, "పోగొట్టేవు అమ్మణ్ణీ, ఒకటి నీకాడ పెట్టుకో," అని యశోదమ్మ అరచేతిలో పెట్టినాడు. మర్చిపోయుంటాది పాపం, అనుకున్నాడు. అరవై దాటినాయి, ఎన్నని గుర్తు పెట్టుకుంటాది.

"రెండే ఉండె," అన్నాడు. "ఆమె మర్చిపోయింది."

"హెడ్మిస్ట్రెస్ మర్చిపోతుందా?" ప్రవీణ్ నవ్వినాడు. "వీడు అబద్ధమన్నా ఆడుతుండాలి, ఆవిడన్నా ఆడుతుండాలి. మీరేమంటారు?"

"ఆమె జోలికి రావద్దప్పా!" ముత్యాలప్ప గొంతు లేచింది. "నాకు తోడబుట్టినోళ్లు లేరు. మా చెల్లెలు ఆమే."

"అదేనండీ మీతో చిక్కు. రైల్లో బొగ్గు దొంగల్ని పట్టినంత తేలిక కాదిది. ఇక్కడ అందరూ అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు." ప్రవీణ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "సరే, వీడు కాకపోతే ఎవరో పేరు చెప్పండి. నాలుగు లోపల రుజువుతో పేరు చెబితే నా చేత్తో నేనే విడిచిపెడతా. లేదంటే మూడూ ఇరవైకి జీపు బయల్దేరుద్ది."

పోయేముందు బాలప్ప పిలిచినాడు. "సామీ, అమ్మకు కబురు పంపినారా? అమ్మ వచ్చి ఒక్కమాట చెప్తే ఈళ్లు ఇడిచేస్తారు. నేను ఎట్లాటోణ్ణో అమ్మకు తెలుసు."

"చెప్తాలే," అన్నాడు ముత్యాలప్ప.

* * *

పన్నెండున్నరకు ఇద్దరూ చింతసాల్లో ఉండారు. ముత్యాలప్ప ఒక్కడే పోదామనుకున్నాడు గానీ, సాక్ష్యం మీద ఎవురి చేయి పడుతుందో చూసుకోవాలని ప్రవీణ్ జీపేసుకోని వెంటబడినాడు.

ఎండిన మానును ఎంతదూరం నుంచైనా గుర్తుపట్టొచ్చు. ముత్యాలప్ప తిన్నగా మూడో మైలురాయి కాడికి నడిచినాడు. అక్కడ మాను మీద రేకు: *సుబ్బరత్నమ్మ, గుంతకల్లు.* నాలుగేండ్ల కింద పోయిన తన భార్య. పోయిన ఎండాకాలంలో ఈ మాను ఆకు రాల్చి మళ్లీ చిగుర్చనేలేదు. ఆ కబురు వచ్చిననాడు ఆయన రెండోసారి పెండ్లాం పోయినట్టే ఏడ్చినాడు. పక్కనే, ముప్పై అడుగుల అవతల, ఇంకో మాను పచ్చగా ఉంది. దాని రేకు ఖాళీ. దానికీ ఆయనే దుడ్లు కట్టి, "నేను పోయినాక నా పేరు రాయి అమ్మణ్ణీ, ఇద్దరం పక్కపక్కనే ఉంటాం," అని యశోదమ్మకు చెప్పి పెట్టుకున్నాడు.

సంఘంలో ఒక ఆచారముంది. ఏటా డిసెంబరు ఆఖర్లో, జనవరి సభకు ముందర, ప్రతి మానుకూ నడుమెత్తు సున్నం కొడతారు. తొలి పూత యశోదమ్మదే, తక్కింది కూలోళ్లు కొడతారు. ముత్యాలప్ప చాకు తీసి, బెరడును వేలితో తడుముకుంటా పోయినాడు. మోకాలెత్తులో ఒకచోట బెరడు మెత్తగా తగిలింది. సున్నం పెచ్చును చాకుతో జాగ్రత్తగా లేపినాడు.

"ఇదో చూడప్పా. బెజ్జం. మైనంతో మూసినారు. దానిమీద సున్నం ఎన్ని పొరలుండాదో లెక్కబెట్టు."

ప్రవీణ్ వంగి చూసినాడు. "రెండు."

"ఏటికొకటి. ఒకటి మొన్న డిసెంబరుది, ఇంకోటి దానికి ముందు డిసెంబరుది. అంటే బెజ్జం దానికంటే ముందే పడింది. బాలప్ప పనిలో చేరిందెప్పుడు?"

ప్రవీణ్ వేళ్లమీద నెలలు లెక్కబెట్టినాడు. "పోయిన శ్రావణంలో."

"శ్రావణానికి ఎనిమిది నెలల ముందర ఏసిన బెజ్జమిది. అప్పుడు వాడు బళ్లారిలో ఇటికెల బట్టీలో ఉన్నాడు."

"సున్నం పొరలు కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్తాయా?" అన్నాడు ప్రవీణ్. కానీ గొంతులో ముందరి ఎకసెక్కెం లేదు. "వాడు కాదనుకుందాం. మరెవరు? నేనడిగింది పేరు." అంతలోనే ముందుకు వంగి, "ఇదేంటి, రక్తమా?" అన్నాడు.

లేపిన సున్నం పెచ్చు అడుగున ఎర్రటి మరక ఉంది, మూడు వేళ్లు అడ్డంగా రాసినట్టు.

"పసుపు మీద సున్నం పడితే ఏమవుతాది? పోయి మీ అమ్మనడుగు," అన్నాడు ముత్యాలప్ప. "బెజ్జం మూసి, మానుకు పసుపు పూసినారు. పెద్దమాను కొట్టేముందు మావోళ్లు పసుపు పెట్టి, తప్పు కాయమని మొక్కుతారు. కంట్రాక్టరు మనిషైతే రెండు నిమిషాల్లో పని కానిచ్చి పారిపోయేటోడు. వీనికి పాపభయముండాది."

పక్కనున్న పచ్చని మాన్లను నాలుగింటిని గీకి చూసినారు. సున్నం కింద ఉత్త బెరడే. తన ఖాళీ రేకు మానును ముత్యాలప్ప గీకలేదు, బతికున్న దాన్ని చూసేదేముందని. ఎండినవాటిని వరసగా చూసుకుంటా పోయినారు. మొట్టమొదట ఎండిన మానుకు బెజ్జమే లేదు. తక్కిన పదింటికీ ఉంది.

ఒకటూ ఇరవైకి ఎర్రన్న మాను కాడ మైనం పెళ్లగించినాడు ముత్యాలప్ప. లోపల ఒక బీడీ ముక్క, దారం ఊడకుండా, కాల్చకుండా. ఎర్రన్న గొర్రెలు మేపే ముసలాయన, చచ్చేదాకా చెవిమీద బీడీ దించినోడు కాదు. ముత్యాలప్ప ఆ ముక్కను అరచేతిలో పెట్టుకోని చానాసేపు చూసినాడు. అక్కడినుంచి పెద్దపెద్ద అంగలేసుకుంటా ఇంజను డ్రైవరు ఖాదర్ బాషా మాను కాడికి పోయినాడు. అక్కడ పసుపు మరక లేదు. బెజ్జంలో ఊదుబత్తి ముక్క ఉంది.

"ఏంటి పెద్దాయనా ఇది? మంత్రాలా?"

"మంత్రాలు కాదప్పా. పెద్దలకు పెట్టడం. అమావాస్యనాడు పోయినోళ్ల పటం ముందర వాళ్లకిష్టమైనవి పెట్టమూ? బీడీ తాగేటోనికి బీడీ, సారాయి తాగేటోనికి సారాయి. వీడు మానును చంపుతా, ఆ మాను ఎవరి పేరుమీదుందో వాళ్లకు పెట్టుకోని చంపినాడు. పోయినోళ్లు కోపం చేసుకోకూడదని."

ప్రవీణ్ టోపీ తీసి చేతిలో పెట్టుకున్నాడు. బుర్ర గిర్రున తిరిగే పిల్లోడే. "అంటే ప్రతి ఇంటి సంగతీ తెలిసినవాడు. మాను తీసుకునేటప్పుడు ఒక ఫారం రాయిస్తారు కదా, పోయినవాళ్ల అలవాట్లూ అవీ? ఆ ఫారాలు చదివినవాడు. సంఘంలో ఎవరెవరు చదువుతారు?"

"చానామంది," అన్నాడు ముత్యాలప్ప గబుక్కున. ఎందుకంత తొందరగా అన్నాడో ఆయనకే తెలీదు. "సెక్రెటరీ, క్లర్కు, ఈడికొచ్చిపోయే ప్రతోడూ చదువుతాడు."

"మీ ఆవిడ మాను బెజ్జం ఇంకా తెరవలేదు మీరు."

తెరవలేదు. చేయి రాలేదు. ఇప్పుడు వెనక్కి నడిచి, మోకాళ్లమీద కూలబడి, చాకు మొనతో మైనం తీసినాడు. ఫారంలో తాను రాసిందేమో ఆయనకు బాగా గుర్తుంది: *ఆకువక్క.* కాబట్టి వక్కముక్క ఉండాల. ఉంది కూడా. దాని వెనకాల, నల్లగా, తల చెదరకుండా, ఒక లవంగం.

ముత్యాలప్ప దాన్ని పిడికిట్లో మూసుకున్నాడు.

సుబ్బరత్నమ్మకు ఆఖరి ఆరునెల్లూ డాక్టరు ఆకువక్క మానిపించినాడు. ముత్యాలప్ప దగ్గరుండి మానిపించినాడు, డబ్బీ కూడా దాచిపెట్టినాడు. ఆమె పోయినాక ఆస్పత్రి దిండు కింద మడిచిన తమలపాకొకటి దొరికింది. మడత ఊడకుండా లవంగం గుచ్చి ఉంది. "నేనే తెచ్చిస్తాంటి అన్నా," అని ఆ పొద్దు యశోదమ్మ ఏడ్చింది. "ఎట్లా పోయేదే కదా, నోరు కట్టేదేమిటికని. లవంగం గుచ్చి ఇయ్యి యశోదా అనేది." ఆ మాట ఫారంలో లేదు. భూమ్మీద ఇద్దరికే తెలుసు.

"ఏమైంది?" అన్నాడు ప్రవీణ్. "ఎవరిదో తెలిసిందా?"

"లేదు," అన్నాడు ముత్యాలప్ప. ముప్పైనాలుగేండ్ల ఉద్యోగంలోనూ, దాని తర్వాతా, ఇంకో పోలీసోనికి ఆయన చెప్పిన మొదటి అబద్ధమది. "నువ్వు పో అప్పా. నేనొచ్చి చెప్తా."

ప్రవీణ్ ఆయన మొగంలోకి తేరిపార చూసినాడు. "మూడూ ఇరవై," అని మాత్రం అని జీపెక్కినాడు.

* * *

సంఘం ఆఫీసంటే మూడో మైలురాయి ఎదురుగా ఉండే పాత టోల్‌గేటు గది. ముత్యాలప్ప మాను మొదట్లోంచి లేచి ఆ గడప దాటేప్పటికి మూడయింది. యశోదమ్మ బల్ల ముందర కూచోని ఎర్రపెన్నుతో ఏదో దిద్దుతాంది. తెల్లచీర, ముక్కుమీదికి జారిన అద్దాలు, బొడ్లో తాళంచెవుల గుత్తి.

"రా అన్నా. ఎండన పడి వచ్చినావు, మొగమంతా కందిపోయింది. మజ్జిగ తాగు."

ఆయన కూచోలేదు. లవంగాన్ని ఆమె దిద్దుతాండే కాగితం మీద పెట్టినాడు. దాని పక్కన బీడీ ముక్క, ఊదుబత్తి ముక్క.

యశోదమ్మ పెన్నుకు మూత పెట్టింది. అద్దాలు తీసి కొంగుతో తుడుచుకుంది. అంతసేపూ లవంగాన్నే చూస్తా ఉండింది.

"ఇది తప్ప ఇంకేమన్నా పెట్టింటే నాకు తెలిసేది కాదు," అన్నాడు ముత్యాలప్ప.

"ఉత్త వక్క పెట్టేదానికి మనసొప్పలేదన్నా. లవంగం లేకుంటే ఆమె ముట్టదు కదా."

కొట్టినట్టే తగిలింది ఆ మాట. కాదంటాదనీ, ఏడుస్తాదనీ, ఎవరో చేయించినారంటాదనీ మాను కింద కూచున్నంతసేపూ ఆయన ఆశపడతానే ఉన్నాడు. ఈమేమో పోయినామె రుచి గురించి మాట్లాడతాంది.

"ఏమిటికి? ఏమిటికి చేసినావు యశోదమ్మా? ఈ మాన్లకు నీళ్లకోసం నీ గాజులమ్మినావు. ఎండలో పడి ఊరూరూ తిరిగినావు. నీ చేత్తో నువ్వే..."

"తిరిగినా. ఏమిచ్చినారు?" ఆమె గొంతు లేవలేదు, క్లాసులో పాఠం చెప్పినట్టే ఉంది. "మొదటేడు బెంగుళూరు, హైదరాబాదు అంతా జాబులు రాసినా. నీడ బాగుంటుంది, రోడ్డు అందంగా ఉంటుంది, కాపాడండి అని. జవాబే లేదు. అప్పుడు వానల్లేక ఒక మాను దానంతట అదే ఎండింది. నాకు కడుపు తరుక్కపోయి, దాని ఫొటో, ఎవరి పేరుమీదుండెనో వాళ్ల కత, విన్నపం కాగితంలో అచ్చేయించినా. నెలలో మనియార్డర్లు పోస్టుమ్యాను మోయలేకపోయినాడు. రెండో యేడు ఒక్కటీ ఎండలేదు. ట్యాంకరోడు నీళ్లాపేసినాడు, వకీలు ఫైలు పక్కన పడేసినాడు. బతికే మానుకు ఎవరూ ఇయ్యరన్నా. చచ్చేదానికే ఇస్తారు."

"కాబట్టి నువ్వే చంపినావు."

"పది చంపినా. నాలుగొందలు బతికించినా. లెక్క నువ్వే చెప్పు, తప్పా?"

"నా సుబ్బరత్న మానే దొరికిందా నీకు?"

ఇంతసేపట్లో మొదటిసారి ఆమె తల దించుకుంది. "సభలో నువ్వు ఏడ్చేది జనం చూసినారు. పోలీసు చేసినోడు ఏడిస్తే..." ఆపేసింది.

ముత్యాలప్ప బల్లకు ఒకడుగు దూరం జరిగినాడు. తన ఏడుపు కూడా సంఘానికి చందా కిందికే వచ్చిందన్నమాట.

"మరి బాలప్ప?" అన్నాడు. "వాడేం చేసినాడు నీకు? రెండో చెవి నీ బొడ్లో ఉండంగానే లేదని రాసిచ్చినావే! పొద్దున్నించి అమ్మ వస్తాది, అమ్మ చెప్తాది అని కాచుకోనుండాడు వాడు."

"వానికి మంచి వకీలును పెడతా. పెండ్లాం పిల్లలకు లోటు రానీను. నేను పోతే సంఘం పోతాది, వాడు పోతే ఏమీ పోదు." చెప్పేసినాక ఆ మాట తనకే వినిపించినట్టు ఒక్క క్షణం ఆగింది. "సోమవారం హైకోర్టులో వాయిదా ఉండాది. ఈ సంగతి పేపరుకెక్కితే కేసు అక్కడే కొట్టేస్తారు. మంగళవారం గొడ్డళ్లు దిగుతాయి. నీ నోటితో నువ్వే నాలుగొందల మాన్లు కొట్టిస్తావా?"

"మరి నన్నేమిటికి పిలిచినావు? ఏ ముండమోపి డిటెక్టివునో పిలిపించుకోకుండా!"

"దాతలందరూ డిటెక్టివు కావాలని పట్టుబట్టిరి. ఎవరో ఒకరు రావాల కదా." యశోదమ్మ మెల్లగా అనింది. "నువ్వయితే అందరినీ అనుమానిస్తావు, నన్ను తప్ప."

నిజమే. అదే జరిగింది. పొద్దున స్టేషన్లో ఆ కాగితం చూసినప్పుడే తెలిసిపోవాల్సింది, తెలిసి కూడా తానే మూతేసుకున్నాడు. తన మీద తనకే అసహ్యమేసింది. ఇంక మాట్లాడేదేమీ లేదని వెనక్కి తిరగబోయినాడు. అప్పుడు, లవంగం కింద ఆమె దిద్దుతాండే కాగితం కంటబడింది. గూడ్సు గుమాస్తాల బల్లల ముందర నిలబడి తలకిందులుగా ఉండే కాగితాలు చదివి చదివి ఆయనకు అలవాటు. అది ఈ యేటి విన్నపం, అచ్చుకు పోవాల్సిన ప్రూఫు. పైన పెద్దక్షరాల్లో ఉంది: *మూడేండ్లలో పన్నెండు చెట్లు మనకు దూరమైనాయి.*

"పన్నెండు ఏంది?" అన్నాడు. "ఎండింది పదకొండే."

యశోదమ్మ కాగితం మీద చేయి పెట్టి కప్పేసింది.

"పన్నెండోది ఏది యశోదమ్మా?"

ఆమె కన్ను కిటికీ వైపు పోయింది, ఒక్క రెప్పపాటు. కిటికీలోంచి ఎదురుగా కనబడేవి రెండే రెండు మాన్లు. ఒకటి ఎండింది, ఒకటి పచ్చనిది.

"అన్నా, వద్దన్నా! పోవద్దు!" అని ఆమె లేచేలోపలే ముత్యాలప్ప రోడ్డు దాటినాడు.

ఖాళీ రేకు గాలికి కొట్టుకుంటాంది. ఆయన మోకాలెత్తులో సున్నం మీద చాకు పెట్టి గీకినాడు. ఎర్రగా వచ్చింది. మైనం ఇంకా కొత్తది, గోటికే ఊడొచ్చింది. లోపల, వేలిగోరంత చిన్న కాగితం పొట్లం. విప్పకముందే వాసన కొట్టింది, పొగాకూ పచ్చకర్పూరమూ.

నశ్యం.

బతికుండంగానే తనకు పెద్దలకు పెట్టినట్టు పెట్టేసింది. ఇదీ ఎండిపోతే, పెండ్లాం మాను పక్కన ఆయన మాను, జంటగా ఎండిన రెండు మాన్లు, ఫొటో చానా బాగుంటాది. చిగురు ఇంకా పచ్చగా ఉంది. ఈ ఎండాకాలానికి పోతాది. అంతా రాసుకోనుంది చెల్లెలు, అచ్చుకిచ్చేదే తరువాయి.

హారను వినబడింది. మూడూ ఇరవైకే బయల్దేరిన జీపు ఆయన పక్కన వచ్చి ఆగింది. వెనక ఇద్దరు కానిస్టేబుళ్ల మధ్య బాలప్ప, చేతికి బేడీ. ఎప్పుడెక్కించుకున్నారో, మూలన నల్లమ్మ కూడా ముడుచుకోని కూచోనుంది.

ప్రవీణ్ దిగినాడు. గీకిన సున్నాన్నీ, ముత్యాలప్ప అరచేతిలోని పొట్లాన్నీ చూసినాడు. వాసన ప్రవీణ్‌కూ తెలిసింది. ఈసారి పెద్దాయనా అనలేదు.

"ఎవరు, అన్నా?"

తల పైకెత్తితే మైలు పొడుగునా నీడ. మంగళవారం గొడ్డళ్లు. దించితే జీపులో బేడీ వేసిన చేయి, నీళ్లుపోసి నీళ్లుపోసి కాయలు కాసిన చేయి. ముత్యాలప్ప పొట్లం ప్రవీణ్ చేతిలో పెట్టినాడు.

"మా చెల్లెలు," అన్నాడు. "రెండో తాళంచెవి ఆమె బొడ్లో ఉండాది. వాని బేడీ తియ్యప్పా."

ఆ మాట జీపు వెనక్కి వినబడలేదు. బాలప్ప కన్ను రోడ్డుకు అవతల పడింది. ఆఫీసు గడప దిగి, తెల్లచీర కొంగు నెత్తిన కప్పుకుంటా, యశోదమ్మ ఇటే వస్తాంది. బాలప్ప మొగం ఒక్కసారిగా వెలిగిపోయింది. బేడీ చేతులు రెండూ ఎత్తి మొక్కినాడు.

"ఏమ్మే నల్లమ్మా, నేను చెప్పలేదా? అదిగో, అమ్మ వస్తాంది!"

ముత్యాలప్ప మొగం పక్కకు తిప్పుకున్నాడు.